గడోలినియం ఎక్కడ కూర్చుందో చెప్పు

పోర్ట్ బ్లెయిర్‌లోని షాదీపూర్‌లో ఒక డాబా మీద జరిగిన మాటలివి. మావయ్య ఆ ఊళ్లోనే కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. 1987లో విశాఖలో ఎమ్మెస్సీ చదివినవారు. మేనకోడలు పీహెచ్‌డీలో కొత్తగా చేరింది; విశాఖలో ఓడెక్కి సెలవులకి వచ్చింది. అసాధారణ అతివాహకాల్లో అయస్కాంత గుణమున్న పరమాణువుల్ని కొద్దికొద్దిగా కలిపి, వాటి చుట్టూ ఎలక్ట్రాన్లు ఏం చేస్తాయో చూస్తానని ఆమె రాసి, గైడుకి పంపాల్సిన నాలుగు పేజీలు ఆయన చేతిలో ఉన్నాయి. ఇద్దరికీ పొసగలేదు. ఇద్దరి వాదనలోనూ బలముంది కాబట్టి ఎవరి మాట వాళ్లదిగానే రాస్తున్నాను.

మావయ్య: రెండుసార్లు చదివానమ్మా. లెక్కల్లో తప్పులేదు. నేనడిగేది ఒకటే. మంచి స్ఫటికం పెంచడం ఎంత కష్టమో నీకు తెలుసు. అంత కష్టపడి పెంచినదాంట్లో నీ చేత్తోనే నికెలూ మాంగనీసూ కలుపుతానంటున్నావు. శుభ్రమైన స్ఫటికమే మనకింకా పూర్తిగా అర్థం కాలేదు. మలినాలున్నది అర్థమవుతుందా?

మేనకోడలు: శుభ్రమైనది నోరు విప్పదు మావయ్యా. ఏ మూల చూసినా ఒకేలా ఉంటుంది. నిరోధం సున్నా అని చెప్పి ఊరుకుంటుంది. లోపల ఎలక్ట్రాన్లు జంటలు ఎలా కట్టాయో తెలియాలంటే ఆ జంట ఎక్కడో ఒకచోట విడిపోవాలి. విడగొట్టడానికి ఒక్క పరమాణువు చాలు.

మావయ్య: అసలు అతివాహకత మనుషుల కంటపడిందే శుభ్రత వల్ల. 1911లో కామర్లిన్ ఓనెస్ పాదరసాన్నే ఎందుకు పట్టుకున్నాడు? బంగారం, ప్లాటినం ఎంత చల్లబరిచినా మలినాల వల్ల కొంత నిరోధం మిగిలిపోతోంది. పాదరసాన్నయితే ఆవిరి చేసి, చల్లార్చి, మళ్లీ ఆవిరి చేసి ఎంతైనా శుద్ధి చెయ్యొచ్చు. అలా శుద్ధి చేసినదాన్ని 4.2 కెల్విన్ దాకా దించితే నిరోధం ఒక్కసారిగా మాయమైంది.

మేనకోడలు: మిగతా సగం కూడా చెప్పండి. తర్వాత ఆయనే పాదరసంలో బంగారం, కాడ్మియం కలిపి చూశాడు. అప్పుడూ మాయమైంది. శుభ్రత కోసం వెతికినవాడికి శుభ్రతతో పనిలేని గుణం దొరికింది. ఎందుకో తెలియడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

మావయ్య: ఆ ఎందుకు నేను ఏటా బోర్డు మీద రాసినదే. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్, 1959లో ఆండర్సన్. జంటలో ఒక ఎలక్ట్రాన్ ఇటు పోతూ స్పిన్ పైకి పెట్టుకుంటే, దాని జోడు సరిగ్గా అటు పోతూ స్పిన్ కిందికి పెట్టుకుంటుంది. కాలాన్ని వెనక్కి నడిపిస్తే మొదటిదే రెండోదవుతుంది. మామూలు మలినం ఒక ఎలక్ట్రాన్ దారిని ఎంత వంచుతుందో జోడు దారినీ అంతే వంచుతుంది. దారులు వంకరవుతాయి, జోడు మాత్రం జోడుగానే ఉంటుంది. అయస్కాంత పరమాణువు సంగతి వేరు. దానికి సొంత స్పిన్ ఉంది. పైకి ఉన్న ఎలక్ట్రాన్‌ని ఒకలా, కిందికి ఉన్నదాన్ని ఇంకోలా పట్టుకుంటుంది. జంట నిలబడ్డ ఆధారమే పోతుంది. దీనికి ప్రయోగం కూడా ముందే ఉంది. 1958లో మథియాస్, సూల్, కోరెన్‌జ్విట్ లాంథనంలో వందకి ఒక వంతు చొప్పున వేరే లోహాలు కలుపుతూ పోయారు. గడోలినియం దగ్గరకొచ్చేసరికి ఆ ఒక్క వంతుకే అతివాహకత దాదాపు ఆరిపోయింది.

మేనకోడలు: అందులో నాకు బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. డిస్ప్రోసియం, హోల్మియం అయస్కాంత భ్రామకం గడోలినియం కన్నా పెద్దది. దెబ్బ మాత్రం వాటిది చిన్నది. స్పిన్ అన్నిటికన్నా ఎక్కువున్నది గడోలినియానికి. ఏడు ఎలక్ట్రాన్లూ ఒకే వైపు తిరిగి ఉంటాయి. అంటే చంపుతున్నది ఆ పరమాణువు చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కాదు. దాని స్పిన్‌కీ, దాని పక్కనుంచి పోయే ఎలక్ట్రాన్ స్పిన్‌కీ మధ్య ఉన్న పట్టు. మలినం కలిపి చూడకపోతే ఈ సంగతి ఎలా తెలిసేది?

మావయ్య: తెలిసింది కదా, అక్కడితో అయిపోయింది. 1960లో అబ్రికోసొవ్, గోర్కోవ్ లెక్క కట్టేశారు. ఎంత మలినానికి ఎంత ఉష్ణోగ్రత తగ్గుతుందో ఒక్క సమీకరణంలో వచ్చేస్తుంది.

మేనకోడలు: ఆ సమీకరణమే ఒక వింత చెప్పింది. అతివాహకతని పూర్తిగా చంపడానికి ఎంత మలినం కావాలో అందులో నూటికి 91 వంతులు చేరగానే గ్యాప్ మూసుకుపోతుంది. గ్యాప్ అంటే ఒక జంటని విడగొట్టడానికి కట్టాల్సిన కనీస శక్తి. అది సున్నా అయిపోయినా నిరోధం సున్నాగానే ఉంటుంది! అంతవరకూ అందరూ గ్యాప్ ఉండటమే అతివాహకత అనుకున్నారు. రెండూ వేర్వేరని మలినమే చెప్పింది; 1962లో రీఫ్, వూల్ఫ్ ప్రయోగంలో చూపించారు కూడా. ఇంకొకటి. ఆ సమీకరణం మొత్తం స్ఫటికానికి సగటు చెబుతుంది. ఒక్క పరమాణువు పక్కన ఏం జరుగుతుందో చెప్పదు. దాన్ని చైనాలో యూ లు 1965లో, జపాన్‌లో షిబా 1968లో, సోవియట్ రష్యాలో రుసినోవ్ 1969లో ఎవరికి వారు లెక్క కట్టారు. ముగ్గురికీ ఒకే జవాబు వచ్చింది. అయస్కాంత పరమాణువు చుట్టూ, గ్యాప్ లోపల, ఎలక్ట్రాన్ ఉండకూడని శక్తి దగ్గర ఒక స్థాయి పుడుతుంది. పట్టు పెరిగేకొద్దీ ఆ స్థాయి సున్నా వైపు జారుతుంది. సున్నా దాటిందంటే ఆ మలినం ఒక ఎలక్ట్రాన్‌ని తన దగ్గరే కట్టేసుకుందని అర్థం.

మావయ్య: కాయితం మీద లెక్క.

మేనకోడలు: ముప్పై ఏళ్లు కాయితం మీదే ఉంది. 1997లో ఐబీఎమ్‌లో యజ్దానీ, ఐగ్లర్ బృందం నియోబియం మీద మాంగనీసు, గడోలినియం పరమాణువుల్ని చల్లి, ఒక్కొక్కదాని మీదికీ టన్నెలింగ్ మైక్రోస్కోప్ సూదిని తీసుకెళ్లింది. స్థాయి చెప్పినచోటే కనిపించింది. వెండి పరమాణువు దగ్గర ఏమీ లేదు.

మావయ్య: ఉండదు. వెండికి స్పిన్ లేదు, ఆండర్సన్ మాట నిలబడింది. నువ్వు చెప్పేవన్నీ నా పక్షానే వస్తున్నాయమ్మా. అయస్కాంతత్వం, అతివాహకత ఒక ఇంట్లో ఇమడవు. ఇమడనిదాన్ని తెచ్చి పెట్టడం దేనికి?

మేనకోడలు: నియోబియంలో ఇమడవు. మీ ఎమ్మెస్సీ రోజుల్లో మీరు చేసిన బిళ్ల సంగతి చెప్పండి.

మావయ్య: ఇట్రియం బిళ్లా! 1986లో బెడ్‌నార్జ్, మ్యూలర్ లాంథనం బేరియం కాపర్ ఆక్సైడ్‌లో సుమారు 30 కెల్విన్ దగ్గర అతివాహకత చూపించారు. మరుసటేడాది మొదట్లోనే ఇట్రియంతో చేసినది 93కి ఎక్కింది. 77 కెల్విన్ దగ్గర మరిగే ద్రవ నైట్రోజన్ చాలు, హీలియం అక్కర్లేదు. కొలిమి ఉన్న ప్రతి ల్యాబులోనూ ఇట్రియం, బేరియం, కాపర్ పొడులు మూడూ నూరి కాల్చినవాళ్లే. నేనూ నూరాను, కాల్చాను. అయస్కాంతం ముక్క దానిమీద గాల్లో నిలబడితే మేమంతా అన్నం మానేసి చూస్తూ కూర్చున్నాం. ఒక బిళ్ల గుర్తుగా ఇక్కడికి తెచ్చుకున్నాను. ఈ సముద్రపు గాలిలో తేమకి అది కొన్నాళ్లలోనే విరిగి పొడయింది. నీళ్లు తగిలితే ఆ పదార్థం నిలవదు. శుభ్రత గురించి నేనెందుకింత పట్టుబడతానో ఇప్పుడర్థమైందా?

మేనకోడలు: ఆ బిళ్లలో ఇట్రియం మొత్తం తీసేసి దాని చోట గడోలినియం పెట్టారనుకోండి. ఒక వంతు కాదు, నూటికి నూరు వంతులూ. లాంథనాన్ని ఒక్క వంతుతో చంపినది అదే గడోలినియం. ఏమవుతుంది?

మావయ్య: చావాలి.

మేనకోడలు: చావదు. 92, 93 కెల్విన్ దగ్గరే ఉంటుంది, ఇట్రియంది ఎలా ఉందో అలాగే. ఇంకా చల్లబరుస్తూ పోతే సుమారు 2.2 కెల్విన్ దగ్గర ఆ గడోలినియం స్పిన్‌లన్నీ ఒకటి పైకి ఒకటి కిందికి వరసలో సర్దుకుంటాయి. వాటి పాటికి అవి అయస్కాంతమైపోతాయి. అతివాహకత దాని పాటికి అది నడుస్తుంది.

మావయ్య: (కాసేపాగి) గడోలినియం ఎక్కడ కూర్చుందో చెప్పు.

మేనకోడలు: అక్కడికే వస్తున్నాను. కరెంటు మోసేది కాపర్ ఆక్సిజన్ పొరలు. గడోలినియం రెండు పొరల మధ్య కూర్చుంటుంది. కాపర్ మీద తిరిగే ఎలక్ట్రాన్లు దాని దాకా రావు. స్పిన్ ఎంత పెద్దదైనా పట్టు లేదు. పట్టు లేని స్పిన్ వాటికి లేనట్టే.

మావయ్య: అదీ సంగతి. అయితే ఇందులో వింత లేదు. దూరంగా కూర్చున్నవాడు కొట్టలేడు. ఆ కాపర్ పొరలోకే తెచ్చి పెట్టు, అప్పుడు చూద్దాం.

మేనకోడలు: పెట్టి చూశారు. పొరలో ఒక కాపర్‌ని తీసి జింకు పెట్టొచ్చు, నికెల్ పెట్టొచ్చు. ఆవర్తన పట్టికలో కాపర్‌కి అటొకటి ఇటొకటి. నికెల్‌కి స్పిన్ ఉంది. జింకుకి ఎలక్ట్రాన్లన్నీ నిండిపోయి స్పిన్ సున్నా. మీ సిద్ధాంతం ప్రకారం ఏది ఎక్కువ చంపాలి?

మావయ్య: నికెల్.

మేనకోడలు: ఇట్రియం పదార్థంలో జింకే ఎక్కువ చంపుతుంది. నికెల్ దానికి చాలా వెనకబడి ఉంటుంది.

ఇక్కడ ఆయన లేచి కాసేపు అటూ ఇటూ నడిచారు. ఈ జింకు సంగతి ఆయనకి బొత్తిగా తెలియనిది కాదు. దాన్ని ఈ వరసలో ఎవరూ ఆయన ముందు పెట్టలేదు. అతివాహకాల మీద మన పాఠ్యపుస్తకాలు చాలావరకు 1960 దగ్గరే ఆగిపోతాయి. ఆ తర్వాతి భాగమే ఎక్కువ పదునైనదని నా అభిప్రాయం. పిల్లలకి సమీకరణాలు లేకుండానైనా అది చెప్పాలి.

మావయ్య: కారణం నేనే చెప్పగలను. కాపర్ ఆక్సైడ్లలో జంట తరంగం అన్ని దిక్కుల్లో ఒకేలా ఉండదు. ఒక దిక్కులో ధనం, తొంభై డిగ్రీలు తిరిగితే ఋణం, మధ్యలో సున్నా. 1990ల మొదట్లో వాన్ హార్లింగెన్ వాళ్లూ, సుయీ, కర్ట్‌లీ వాళ్లూ దాన్ని నేరుగా కొలిచి చూపించారు. అలాంటప్పుడు మలినానికి స్పిన్ ఉండనవసరమే లేదు. ఎలక్ట్రాన్‌ని ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకి నెడితే చాలు. కొట్టువాడు లాభాలూ నష్టాలూ ఒకే ఖాతాలో కలిపి రాసుకున్నట్టు, ధనం ఋణం కలిసి చెల్లిపోతాయి. ఎంత గట్టిగా నెడితే అంత నష్టం. జింకు గట్టిగా నెడుతుంది, నికెల్ మెల్లగా నెడుతుంది. అంతే. ఇందులో అయస్కాంతత్వం ఊసే లేదు.

మేనకోడలు: సగం ఒప్పుకుంటాను. ముందు బొమ్మలు చూడండి. 2000లో సీమస్ డేవిస్ బృందం, బిస్మత్ ఉన్న కాపర్ ఆక్సైడ్‌లో ఒక్క జింకు పరమాణువు మీద సూది నిలిపి కొలిచింది. సున్నాకి ఆనుకుని, మైనస్ 1.5 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, పెద్ద శిఖరం. చుట్టూ సుమారు 15 ఆంగ్‌స్ట్రాముల మేర అతివాహకత ఆనవాళ్లు అణగారిపోయాయి. పైనుంచి చూస్తే నాలుగు రేకుల గుర్తు. మీరు చెప్పిన ధన ఋణ దిక్కులు బొమ్మలో కనిపిస్తున్నాయి. మరుసటేడాది నికెల్. ఆ పేపర్లో హడ్సన్, లాంగ్ తర్వాత మూడో పేరు మన దేశంనుంచి వెళ్లిన విద్యా మాధవన్‌ది. 1998లో బంగారం మీద ఒక్క కోబాల్ట్ పరమాణువు చుట్టూ కోండో ప్రభావం (చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు పరమాణువు స్పిన్‌ని కమ్మేయడం) చూపించింది కూడా ఆవిడే. నికెల్ దగ్గర శిఖరం ఒకటి కాదు, రెండు, సుమారు 9, 18 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. స్పిన్ పైకి ఉన్న ఎలక్ట్రాన్‌కి ఒకటి, కిందికి ఉన్నదానికి ఇంకొకటి. అంటే నికెల్ తన స్పిన్‌తో పట్టుకుంటూనే ఉంది. అయినా దాని చుట్టూ గ్యాప్ చెక్కుచెదరలేదు. ఇంట్లో ఇమడదన్నారే, అది ఇమిడింది మావయ్యా.

మావయ్య: ఆ పేపర్లోనే రాసి ఉంటుంది, నికెల్ దగ్గర స్పిన్ పట్టు కన్నా మామూలు నెట్టుడే ఎక్కువని.

మేనకోడలు: రాసి ఉంది. స్పిన్ పట్టు ఉండీ చంపకపోవడమే నాకు ముఖ్యం. జంటల్ని కట్టేదే అయస్కాంత స్వభావమున్న బంధమైతే అలా జరగొచ్చని కొందరు ముందే అన్నారు. కాపర్ స్పిన్‌లు ఒకదాన్నొకటి పట్టుకున్న తీరులోనే జంట పుట్టిందనుకోండి. స్పిన్ ఉన్న నికెల్ ఆ వరసలో ఒక చోటు భర్తీ చేస్తుంది, స్పిన్ లేని జింకు ఖాళీ చేస్తుంది.

మావయ్య: ఇప్పుడు దొరికావు. ఖాళీ చేస్తుందన్నావు. ఖాళీ చుట్టూ ఏమవుతుంది? నేను చదివినది నీకు చెబుతాను విను. 1991లో ఫ్రాన్సులో అల్లూల్ బృందం ఇట్రియం కేంద్రకాల అయస్కాంత అనునాదం కొలిచింది. జింకుకి స్పిన్ లేదు, నిజమే. కానీ పక్కపక్క కాపర్ స్పిన్‌లు ఒకటి పైకి ఒకటి కిందికి చెల్లుకుంటున్నచోట ఒకదాన్ని పీకేస్తే, దానితో చెల్లాల్సిన పొరుగు స్పిన్‌లు మిగిలిపోతాయి. జింకు చుట్టూ అయస్కాంత భ్రామకం పుడుతుంది. తర్వాత లిథియం పెట్టినా అంతే. నువ్వు నాలుగు పేజీల్లోనూ జింకుని అయస్కాంతం కాని మలినమని రాశావు. అక్కడ అది అయస్కాంతమే. ఇక నీ పోలిక ఏమైంది?

మేనకోడలు: పోలిక పోదు, ఇంకా బలపడుతుంది. ఒక పరమాణువు అయస్కాంతమా కాదా అన్నది ఆ పరమాణువులో లేదు, అది వచ్చి చేరిన చోటులో ఉంది. లాంథనంలో గడోలినియం విషం, ఇట్రియం పదార్థంలో ఎవరికీ పట్టనిది. బయట జింకుకి స్పిన్ లేదు, కాపర్ పొరలోకి వస్తే దాని చుట్టూ స్పిన్ పుట్టింది. నేను కొలవాలనుకుంటున్నది ఆ చోటునే. మలినం వస్తేనే ఆ చోటు తన గుణం బయటపెడుతుంది.

మావయ్య: బాగుంది. కానీ బయటపెట్టినదాన్ని చదవగలగాలి కదా. ఆ జింకు శిఖరాన్నే తీసుకో. గట్టిగా నెట్టే మలినం వల్ల సున్నాకి దగ్గరగా స్థాయి పుడుతుందని బలాట్‌స్కీ వాళ్లు 1995లోనే చెప్పారు. అది ఒక అర్థం. జింకు చుట్టూ పుట్టిన స్పిన్ వల్ల, కోండో ప్రభావంతో వచ్చిన శిఖరమని సచ్‌దేవ్ వాళ్లు 2001లో చెప్పారు. అది ఇంకో అర్థం. ఒకే శిఖరం, రెండు కథలు. ఇంకా చూడు, సిద్ధాంతం ప్రకారం వెలుగు జింకు పక్కనున్న కాపర్ల మీద ఎక్కువుండాలి, జింకు మీద ఉండకూడదు. బొమ్మలో జింకు మీదే ఎక్కువుంది. సూదికీ కాపర్ పొరకీ మధ్యనున్న బిస్మత్ పొర దారి మళ్లించిందని సర్ది చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక్క పరమాణువుని చూశామని మీరంటారు. మీరు చూసింది పై పొరల అద్దంలోంచి.

మేనకోడలు: అందుకే సూదినొక్కదాన్నే నమ్మను. నిరోధం, ఉష్ణధారణ, కేంద్రక అనునాదం, మూడూ పక్కపక్కన పెడతాను. అది రెండో పేజీలో ఉంది.

మావయ్య: చూశాను. అయినా నా భయం తీరలేదు. ఎందుకంటే ఒకసారి ఇలాగే జరిగింది. 1994లో మయేనో వాళ్లు స్ట్రాన్షియం రుథినేట్‌లో అతివాహకత కనిపెట్టారు. 1998లో మెకంజీ వాళ్లు దాంట్లో మలినం ప్రభావం కొలిచారు. బాగా శుభ్రంగా ఉంటే 1.5 కెల్విన్. మలినాల వల్ల మిగిలే నిరోధం ఒక మైక్రో ఓమ్ సెంటీమీటర్ దగ్గరకొచ్చేసరికి అతివాహకతే లేదు. అయస్కాంత గుణం లేని మలినం కూడా దాన్ని చంపేస్తోంది. అంటే అసాధారణమైనదే, అందులో సందేహం లేదు. అదే ఏడాది వచ్చిన అనునాద కొలతని కూడా కలుపుకుని, జంటలో రెండు స్పిన్‌లూ ఒకే వైపని లోకమంతా నమ్మింది. ఇరవై ఏళ్లు నమ్మింది. 2019లో పుస్తోగోవ్, బ్రౌన్ వాళ్లు మళ్లీ జాగ్రత్తగా కొలిస్తే అనునాదం ఆ కథకి ఒప్పుకోలేదు. మలినం ఏం చెప్పిందప్పుడు? అసాధారణమని చెప్పింది. ఏ రకం అసాధారణమో చెప్పలేకపోయింది.

మేనకోడలు: కాదనను. మలినం అబద్ధం మాత్రం చెప్పలేదు. తను చెప్పగలిగిందే చెప్పింది. ఎక్కువ విన్నది మనుషులు.

మావయ్య: యురేనియం డైటెల్లూరైడ్ సంగతో? 2018లో బయటపడింది. మొదటి స్ఫటికాలు 1.6 కెల్విన్ దగ్గర. కొన్నిటిలో ఒకటి కాదు, రెండు మార్పులు కనిపించాయి. దానిమీద పెద్ద పెద్ద సిద్ధాంతాలు లేచాయి. స్ఫటికాలు శుభ్రంగా పెంచడం నేర్చుకున్నాక ఉష్ణోగ్రత 2.1కి పెరిగింది, రెండు మార్పులూ ఒక్కటైపోయాయి. రెండోది స్ఫటికంలో తేడాల వల్ల వచ్చినదట. నాకిలాంటివే గుర్తొస్తాయమ్మా. తెలియకుండా చేరిన మలినం ఇంత పనిచేస్తుంటే, తెలిసి కలిపినదాని మాటని దీని మాట నుంచి ఎలా విడదీస్తావు?

మేనకోడలు: అది గట్టి ప్రశ్న. జవాబు చెప్పేముందు ఒక్కటి అడుగుతాను. మీ వాదన చివరిదాకా పోతే, అయస్కాంత పరమాణువులు ఎంత తక్కువుంటే అంత మంచిది. అవునా?

మావయ్య: అవును.

మేనకోడలు: 1979లో స్టెగ్లిష్ సీరియం కాపర్ సిలికాన్ సమ్మేళనంలో అతివాహకత చూపించాడు, సుమారు అర కెల్విన్ దగ్గర. అందులో సీరియం మలినంగా లేదు. స్ఫటికం పొడవునా ప్రతి గదిలోనూ స్పిన్ ఉన్న సీరియమే. దాన్ని తీసేసి స్పిన్ లేని లాంథనం పెడితే, మీ లెక్కన ఇంకా బాగుండాలి. అతివాహకతే పోయింది. స్పిన్‌లు ఉంటేనే అది ఉంది! ఇనుము ఉన్న బేరియం ఆర్సెనైడ్ కూడా అంతే. ఇనుము పొరలోకే కోబాల్ట్ చొప్పించండి. 22 కెల్విన్ దగ్గర అతివాహకత పుడుతుంది. కాపర్ పొరలో ఏం పెట్టినా నష్టమే, ఇనుము పొరలో పెట్టినదే ప్రాణం పోసింది. అంతెందుకు, ముంబయిలో టాటా సంస్థలో నాగరాజన్, మజుందార్, గుప్తా వాళ్లు 1994లో బయటపెట్టిన నికెల్ బోరోకార్బైడ్‌లు చూడండి. ఎర్బియం పెడితే 11 కెల్విన్‌కి కొంచెం తక్కువలో అతివాహకం, 6 దగ్గర అయస్కాంత వరస, రెండూ కలిసే ఉంటాయి. డిస్ప్రోసియం పెడితే ముందు అయస్కాంత వరస వస్తుంది, దాని తర్వాత, దాని లోపలే, అతివాహకత వస్తుంది. మన దేశపు ల్యాబులో మొదలైన సంగతి మావయ్యా, మీరు బోర్డు మీద రాయాల్సింది.

మావయ్య: రాయలేదు. సిలబస్‌లో లేదు. (కాసేపాగి) ఎర్బియం వరసగా కూర్చుంది కాబట్టి సరిపోయింది. పైకి కిందికి సమానంగా చెల్లుకుంటే, జంట పరిధిలో సగటు సున్నా అవుతుంది. చెదురుమదురుగా కూర్చున్న స్పిన్ అలా చెల్లదు. నువ్వు కలిపేది చెదురుమదురుగానే.

మేనకోడలు: నిజం. వరసకీ చెదురుకీ ఉన్న ఆ తేడా కూడా కొలవాల్సిందే. మళ్లీ చోటు దగ్గరికే వచ్చాం.

మావయ్య: నా ప్రశ్నకి జవాబు చెప్పనే లేదు. తెలియని మలినం, తెలిసిన మలినం.

మేనకోడలు: ఒకే కొలిమిలో, ఒకే మూసలో, ఒకే పొడులతో వరసగా పెంచిన స్ఫటికాలు. ఒకదాంట్లో ఏమీ కలపను, ఒకదాంట్లో జింకు, ఒకదాంట్లో నికెల్. తెలియకుండా చేరినది మూడింట్లోనూ ఇంచుమించు ఒకటే ఉంటుంది.

మావయ్య: ఇంచుమించు చాలదు. జింకు కలిపితే కరిగే తీరు మారుతుంది, ఆక్సిజన్ ఎంత పడుతుందో మారుతుంది. ఆక్సిజన్ మారితే కాపర్ పొరలో కరెంటు మోసే మోతల సంఖ్యే మారిపోతుంది. అప్పుడు తగ్గిన ఉష్ణోగ్రత జింకు ఖాతాలో రాస్తావా, ఆక్సిజన్ ఖాతాలోనా? నా మాట విను. ఒక్క స్ఫటికం తీసుకో. శుభ్రంగా ఉన్నప్పుడు అన్నీ కొలువు. తర్వాత దాన్నే ఎలక్ట్రాన్ పుంజం కింద పెట్టించు. మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో కొడితే పరమాణువులు తమ చోటు నుంచి కదిలి ఖాళీలు పడతాయి. బయటి మూలకం ఏదీ రాదు, మోతల లెక్క మారదు. కొంచెం కొట్టి కొలువు, మళ్లీ కొట్టి కొలువు. ఇది ఎవరూ చెయ్యనిది కాదు, కాపర్ ఆక్సైడ్ల మీదా ఇనుము వాటి మీదా ఫ్రాన్సులో, అమెరికాలో చేశారు. స్ఫటికం మారదు కాబట్టి మార్పు ఎవరిదో స్పష్టంగా తెలుస్తుంది.

మేనకోడలు: ఇది నాకు కావాలి. మూడో పేజీలో పెడతాను, ముందుగానే. కానీ మావయ్యా, పుంజంతో ఖాళీలే పడతాయి. ఖాళీ నికెల్ కాదు. ఎలక్ట్రాన్‌ని నెట్టడం మాత్రమే తెలిసినదానికీ, నెడుతూ స్పిన్‌తో పట్టుకునేదానికీ తేడా ఖాళీలతో తెలియదు. ఇనుము పదార్థాల్లో గొడవంతా అక్కడే ఉంది. 2008లో మాజిన్ వాళ్లు, కురోకి వాళ్లు అక్కడ ధన ఋణాలు రెండు వేర్వేరు ఎలక్ట్రాన్ గుంపుల మధ్య పంచుకుని ఉన్నాయన్నారు. అదే నిజమైతే మామూలు మలినం త్వరగా చంపాలి కదా, చంపడం లేదే అని మరుసటేడాది ఒనారి, కొంటాని అడ్డుతగిలారు. స్పిన్ ఉన్న మలినాన్నీ లేనిదాన్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఎంత చంపుతుందో చూస్తేనే ఆ తగువు తేలేది. మీ పుంజం అందులో సగమే.

మావయ్య: ఇనుము టెల్లూరియం సెలీనియంలో ఎక్కువైన ఇనుము పరమాణువు మీద సరిగ్గా సున్నా దగ్గర శిఖరం కనిపించిందని 2015లో వచ్చింది చదివావా? ఆ తర్వాత అలాంటి శిఖరం కనిపిస్తే చాలు, మేజొరానా కణం (తనకి తానే ప్రతికణమైనది) అనడం మొదలైంది. నువ్వు ఆ దారి పట్టనంటేనే నేను నికెల్‌కి ఒప్పుకుంటాను.

మేనకోడలు: పట్టను. సున్నా దగ్గర కనిపించిన ప్రతిదీ అదే కాదు. యూ లు, షిబా, రుసినోవ్ చెప్పిన స్థాయి పట్టు పెరిగి సున్నా దగ్గరికి జారినా అలాగే కనిపిస్తుంది.

మావయ్య: అయితే ఇంకో షరతు. నికెల్ కలిపాను అని రాసి ఊరుకోకు. అది కాపర్ పొరలోనే కూర్చుందని, ఒకచోట గుంపుగా పోగవ్వలేదని, వేరే ఆక్సైడ్‌గా విడిపోలేదని ముందు చూపించు. కలిపిన వంతు వేరు, లోపల చోటు దొరికిన వంతు వేరు.

మేనకోడలు: ఎక్స్‌రే వర్ణపటంతో చూపిస్తాను. చూపించేదాకా నికెల్ పక్కన ఏ అంకె కూడా రాయను.

మావయ్య: శుభ్రమైన స్ఫటికం నిరోధం రేఖ గీయగానే నాకు పంపు. సముద్రం కింద కేబుల్ వచ్చాక ఇక్కడ ఇంటర్నెట్ బాగానే ఉంది, ఎంత పెద్ద ఫైలైనా దిగుతుంది. అది చూశాకే మిగతావి కలుపు.

మేనకోడలు: లేదు మావయ్యా. మూడు రేఖలూ ఒకే రోజు పంపుతాను. ఏమీ కలపనిదొక్కటే ముందు పంపితే మీరు దాన్నింకా శుభ్రం చెయ్యమంటారు, నేను మళ్లీ శుభ్రం చేస్తాను, నికెల్ సీసా మూత తియ్యకుండానే నా ఏళ్లు గడిచిపోతాయి.